గడప దాటని టమాటాలు

పొద్దున్నే టమాటా ధర ఎవరు చెప్పినా నాకు కాళ్లు ఒకచోట నిలవవు. పెరిగిందంటే సంతోషించాలో, ఏడవాలో తెలియదు. పుట్టింట్లో టమాటా పండిస్తారు, అత్తింట్లో టమాటా కొంటారు. మధ్యలో నేను.

మా బాపుది హుజూరాబాద్ దగ్గర పల్లె. బోరు కింద ఉన్న కొద్దిపాటి చెలకలో ఏటా టమాటా వేస్తాడు. నన్నిచ్చింది కరీంనగర్‌లో టిఫిన్ సెంటర్ నడిపే ఇంటికి. చలికాలం రాగానే ఊళ్లన్నిటి కాయా ఒక్కసారే మార్కెట్ మీద పడుతుంది. అప్పుడు మా ఆయన ఈల వేసుకుంటూ సంచులు దించుతాడు. బాపేమో కోత కూలి కూడా రావట్లేదని ఫోన్లో చెప్తాడు. ఎండలు ముదిరి తోటలు ఎండిపోయాక ఇదంతా తలకిందులవుతుంది. నేను ఎవరి కోసం మొక్కాలి? దేవుడి ముందు నిలబడ్డా మనసు కుదురుగా ఉండదు. దండం పెట్టి, ఏమీ అడక్కుండా వచ్చేస్తాను.

పోయిన చలికాలం బాపు ఒక బాక్సు టమాటాలు భుజాన పెట్టుకుని వచ్చాడు. బిడ్డ ఇంటికి ఒట్టి చేతులతో రావడం ఆయనకు చేతకాదు. ఇంటి నిండా అవే ఉన్నాయని, అక్కడే పెట్టమని అత్తమ్మ అంది. వెటకారమేం కాదు, మామూలుగానే అంది. బాపు గడప బయటే దించాడు. చాయ్ తాగుతున్నంతసేపూ ఆయన చూపు వాకిటి వైపే ఉంది. నేను లోపలికి తెద్దామని లేస్తే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ కాయలు అక్కడే మెత్తబడి నీరు కారాయి. చివరికి పక్కింటి బర్రె తింది.

ఈ ఏడు ఎండలకు ధర కొండెక్కింది. మా దగ్గర టమాటా చట్నీ బందయింది; దేనికైనా పల్లీ చట్నీయే. రైతులే సరుకు దాస్తున్నారని మా ఆయన రోజూ తిట్టేవాడు. పండిన టమాటాను ఎవడు దాచగలడు, ఎక్కడ దాచగలడు? నోటిదాకా వచ్చిన మాట మింగేసి, ఆ కోపమంతా గిన్నెల మీద చూపించేదాన్ని. ఒకరోజు దొడ్లోకి పోయి బాపుకు ఫోన్ చేశాను. బోరు సన్నగా పోస్తోందని, సగం తోటే మిగిలిందని, అయినా ఇన్నేళ్లకు ధర కళ్లజూస్తున్నానని అన్నాడు. నాకు ఆపుకోలేనంత సంతోషం. నవ్వు మొహంతో లోపలికి పోతే ఎందుకని అడుగుతారని దొడ్లోనే అటూ ఇటూ తిరిగాను.

ఆ వారమే బాపు దిగాడు. భుజాన మళ్లీ బాక్సు. ఏరి ఏరి పెట్టిన కాయలు, ఒక్కదానికీ మచ్చ లేదు. అత్తమ్మ ఎదురెళ్లి బాక్సుకు తానే చెయ్యి వేసింది. "రాండ్రి అన్నా, లోపల కూసోండ్రి" అంది. నాకు ఒళ్లు మండింది. ఆమె మర్యాదకూ మండింది, బాపు పిచ్చితనానికీ మండింది. బస్టాండుకు సాగనంపడానికి వెళ్తూ దారిలో పట్టుకున్నాను.

"ఇంత ధర ఉన్నప్పుడు అమ్ముకోక ఎందుకు తెచ్చినవ్ బాపు?"

ఆయన తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "ధర లేక అగ్గువున్నప్పుడు తెస్తె గడప దాటలే బిడ్డా. పిరమున్నప్పుడన్న లోపలికి వోతయని తెచ్చిన."

బస్సు వెళ్లిపోయాక ఇంటికి కాకుండా ఎటో నడిచాను. ఆ సాయంత్రం ఇంట్లో అందరూ టమాటా చట్నీ లొట్టలేసుకుంటూ తిన్నారు. నేను వేసుకోలేదు.

ఇప్పుడు మళ్లీ చలి మొదలైంది, ధర నేలకు దిగింది. బాపు రావడం లేదు. ఫోన్ చేస్తే పనుందంటాడు. ఏం పనో నాకు తెలుసు. నిన్న నేనే బస్సెక్కి ఊరికి పోయి, తోటలో దిగి, ఒక బాక్సు నింపుకుని వచ్చాను. గడప దగ్గర ఆగలేదు. తిన్నగా వంటింట్లోకి తెచ్చి పొయ్యి పక్కన దించాను. ఇన్ని ఎందుకని అత్తమ్మ అడిగింది.

"మా బాపువి" అన్నాను.