కుదించిన ఏడాది

అరవై ఆరేళ్ళ ఆర్లిస్ బ్రెకీ పనిచేసేది అమెరికాలోని మిన్నెసోటాలో, దుంపల నుంచి చక్కెర తీసే మిల్లులో. సెప్టెంబరు నుంచి మార్చి దాకా సీజను. దుంపల్ని తురిమే కత్తులు మార్చడం అతని పని. దుంపతో పాటు ఓ రాయి వచ్చిందంటే కత్తి పోయినట్టే; ఊడదీసి కొత్తది బిగించాలి. ఇక ఈ సీజనుతో సరి అని గుండె డాక్టరు తేల్చేశాడు.

ఏడాదిలో వెయ్యి గంటలు చేస్తేనే మిల్లు దాన్ని ఒక ఏడుగా లెక్కేస్తుంది. అలాంటివి అయిదు నిండితే పింఛను. అతనికి నాలుగు నిండాయి. ఆ పింఛను రాకపోతే చలికాలం ఇల్లు వెచ్చబెట్టుకునే దారి లేదు. ఇప్పటికే భార్య లవోన్ వంటగదిలో తప్ప హీటరు వెయ్యడం లేదు.

అక్టోబరు చివర్లో మిల్లు నుంచి ఉత్తరం వచ్చింది. జూలై నుంచి జూన్ దాకా ఉండే పింఛను ఏడాదిని జనవరి నుంచి డిసెంబరుకి మార్చారట. అందుకని ఈసారి ఏడాది డిసెంబరు ఆఖరికే ముగుస్తుందట. ఆర్లిస్ అంతవరకు చదివి ఉత్తరం మడిచేశాడు. అప్పటికి వెయ్యి గంటలు ఎక్కణ్ణించి తేవాలి?

మర్నాడే ఫోర్‌మన్ డువేన్ దగ్గరికెళ్ళాడు.

"ఎవరికి సెలవు కావాలన్నా వాళ్ళ పని నాకియ్యి."

"నీకేమన్నా పిచ్చా ముసలాయనా? చచ్చాక గంటలెవడూ రాయడు."

"అందుకే బతికుండగా అడుగుతున్నా."

ఆదివారాల్లేవు, పండగల్లేవు. పన్నెండేసి గంటలు నిలబడ్డాడు. డిసెంబరు మధ్యలో, ఎనిమిది వందల ఎనభై రెండో గంటలో, మొద్దుబారిన వేళ్ళ మధ్య నుంచి కత్తి జారింది. కుడిచేతి నరాలు తెగాయి. మార్చి దాకా చెయ్యి కదపొద్దన్నారు.

మిల్లు ఆఫీసులో పనిచేసే మార్లిస్ అతన్ని చూడ్డానికి ఇంటికొచ్చింది.

"ఈ వయసులో డబుల్ డ్యూటీలేంటి పెద్దాయనా?"

"డిసెంబరుకి వెయ్యి కావాలి గదమ్మా."

"ఎవరు చెప్పారు? వెనక పేజీ చూళ్ళేదా? నీలాంటోళ్ళు నష్టపోకూడదనే, పాత లెక్క కూడా జూన్ దాకా నడుస్తుందని రాశారుగా. మామూలుగా వచ్చిపోతున్నా సరిపోయేదే!"

లవోన్ ఉత్తరం తెచ్చి తిప్పింది. ఉంది. ఆర్లిస్ లెక్కేశాడు. ఇంకా నూట పద్దెనిమిది గంటలు. దుంపలు తక్కువ పడ్డాయి, ఫిబ్రవరికే మిల్లు ఆగుతుందంటున్నారు.

తెల్లారి గేటు దగ్గర డువేన్‌ని పట్టుకున్నాడు.

"పదిహేను రోజులు. రాళ్ళేరే బెల్టు దగ్గరైనా నిలబెట్టు."

"ఒంటిచేత్తోనా? నా ఉద్యోగం ఊడబీకుతారయ్యా."

రెండో రోజూ వెళ్ళాడు. మూడో రోజూ. గడ్డం మీద మంచు గడ్డకట్టేదాకా నిలబడ్డాడు. నాలుగో రోజు డువేన్ అతని మొహం చూడకుండా అన్నాడు.

"కుర్చీ పని చెయ్యొచ్చని డాక్టరు దగ్గర కాగితం తే. మీటర్లు చూసి రాసే మనిషి కావాలి. ఎడం చేత్తో రాయగలవా?"

ఎన్నడూ రాయలేదు.

"రాస్తా."

కాగితం తెచ్చాడు. కుర్చీలో కూచుని మొదటి అంకె వేశాడు. డువేన్ వంగి చూశాడు.

"ఇది ఒకటా, ఏడా?"

"ఏడు."

"నాకు ఒకటిలా ఉంది. ఇట్లా రాస్తే రేపటికల్లా నిన్ను ఈ కుర్చీలోంచి లేపేస్తారు."

"మళ్ళీ రాస్తానుండు," అన్నాడు ఆర్లిస్. పెన్సిలు పిడికిట్లో బిగించి, పళ్ళు కరుచుకుని, ఆ గీత పక్కనే ఇంకో ఏడు మొదలుపెట్టాడు.