సెలవు దాటిన నెల

మా తమ్ముడిని సైన్యం నుంచి తీసేసి మూడేళ్ళు కావస్తోంది. ఇప్పటికీ ఎవరైనా "మీ తమ్ముడికి ఏ ఊళ్ళో డ్యూటీ?" అని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. గుండ్లపోచంపల్లిలో, మా ఇంటికి కూతవేటు దూరంలో, ఒక గోదాము గేటు దగ్గర కాపలా. వచ్చే ప్రతి లారీకీ లేచి నిటారుగా నిలబడతాడు. డ్రైవర్లకు అది నవ్వులాట.

సైన్యంలో చేరాలని, మా పుట్టింటి ఊరు అత్వెల్లి నుంచి రోజూ సైకిలు మీద వెళ్ళి శామీర్‌పేట చెరువు కట్ట మీద పరుగెత్తి, మళ్ళీ సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. అమ్మ నానబెట్టిన శనగలు మూటగట్టి ఇచ్చేది. మన దగ్గర ఎవరినీ బలవంతంగా సైన్యంలో చేర్చుకోరు. వాడు ఇష్టపడే వెళ్ళాడు. ఒకసారి చేరాక మాత్రం, రమ్మన్న రోజుకు రాకపోతే శిక్ష తప్పదు. అది తప్పని నేననను.

చేరి చాలా ఏళ్ళయ్యాక, అమ్మకు జబ్బు ముదిరిందని సెలవు మీద వచ్చాడు. సెలవు అయిపోవస్తుండగా అమ్మ పోయింది. తలకొరివి వాడే పెట్టాడు. ఫోను చేసి అడిగితే, దినాలు అయ్యేదాకా సెలవు పొడిగించారు కూడా. దినాల మర్నాడు వాడు ట్రంకుపెట్టె సర్దుకుని వాకిట్లోకి వచ్చాడు. పాలోళ్ళు, అంటే మా దాయాదులంతా, అక్కడే కూర్చుని ఉన్నారు. బాపు అడ్డం తిరిగాడు.

"యాడికి పోతవ్‌రా? తలకొరివి పెట్టినోడివి, మాసికం గాకముందే ఊరు దాటుతవా?"

"పోవాలె బాపు. జల్దీ రమ్మన్నరు."

"మీ అమ్మకంటె ఎక్కువనా గా ఫౌజు?"

వాడు పెట్టె కింద పెట్టేశాడు.

మాసికం అయ్యేసరికి వాడికి భయం పట్టుకుంది. ఏ మొహం పెట్టుకుని పోవాలి, రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూ ఫోను కూడా ఎత్తడం మానేశాడు. అన్నాళ్ళు రాకపోతే పారిపోయినవాడి కిందే లెక్కట. చివరికి పోలీసులొచ్చి తీసుకుపోయారు. విచారణ అయింది, జైలు అయింది, ఉద్యోగం ఊడింది. ఇంకొంచెం నిలబడితే చేతికొచ్చే పింఛను కూడా పోయింది.

అర్జీ పెట్టుకుంటే దారి దొరుకుతుందేమోనని, వాడితో కలిసి పనిచేసిన ఒకాయన యాప్రాల్‌లో ఉంటే వెళ్ళాను. కోస్తా మనిషి. ఆయనా సెలవు దాటినవాడే, అదీ మా వాడికంటే ఎక్కువ. కొత్త ఇంటికి స్లాబు పడుతోందని ఉండిపోయాడట. ఆ స్లాబు కిందే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు.

"నేను అన్నీ చెప్పుకున్నానమ్మా. మేస్త్రీ పారిపోయాడన్నాను, మా ఆవిడ ఒంటరిదన్నాను, కాళ్ళావేళ్ళా పడ్డాను. నా సర్వీసు కాగితంలో ఎర్ర సిరాతో ఒక మాట రాసి వదిలేశారు. మీవాడు నోరు విప్పితేగా! ఎందుకు ఆగిపోయావంటే నా తప్పేనన్నాడు. ఎవరన్నా ఆపారా అంటే, ఎవరూ ఆపలేదన్నాడు."

కాఫీ సగంలో వదిలేసి వచ్చేశాను. తప్పు ఒక్కటే. చెప్పుకోవడం వచ్చినవాడికి ఇల్లూ ఉద్యోగమూ మిగిలాయి. పదిమంది అధికారుల ముందు కన్నతండ్రిని దోషిగా నిలబెట్టలేనివాడికి ఏదీ మిగల్లేదు. ఇదేం తూకమో నాకిప్పటికీ అర్థం కాదు. తర్వాత పెట్టిన అర్జీకి జవాబూ రాలేదు.

మొన్న అమ్మ తద్దినానికి అత్వెల్లిలో కలిశాం. విస్తళ్ళ ముందు కూర్చున్నాక బాపు తమ్ముడి వైపు చూసి, "మస్తు సన్నబడ్డవ్‌రా. గా నౌకరి నిలబెట్టుకుంటే గీ గేటుకాడ నిలబడే గతి ఎందుకొస్తుండె?" అన్నాడు.

నాకు తిక్క రేగింది. "నిలబెట్టుకోనిచ్చినవా నువ్వు? పోతనంటే ఆపింది నువ్వు గాదా? నీ పేరు చెప్పలేక జైలుకు పోయిండు బాపు వాడు!"

"అక్కా, ఊకో," అన్నాడు తమ్ముడు.

బాపు చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"పెండ్లాం సచ్చి కూసున్నోన్ని, పాలోళ్ళ ముంగట కొడుకును పో అని ఎట్లంట బిడ్డా? బయలెల్లినోన్ని ఆగుమనుడు మన రివాజు. ఆగుమనేటోళ్ళు అంటరు, పోయేటోళ్ళు పోతరు. ఫౌజోడు నా మాటకు ఆగుతడని నేననుకుంటినా?"

నిజమే. మా ఇళ్ళల్లో ఎవరు బయల్దేరినా ఒకటికి రెండుసార్లు ఆగమనాలి, లేకపోతే వెళ్ళగొట్టినట్టే. ఆగమన్నంత మాత్రాన ఎవరూ ఆగరు. అది తమ్ముడికి తెలియక కాదు. కానీ అన్నేళ్ళపాటు సైన్యంలో వాడికి నేర్పిందల్లా చెప్పిన మాట వినడమే. ఆ నేర్పినవాళ్ళే, విన్నందుకు వాడిని శిక్షించారు.

తమ్ముడు చెయ్యి కడుక్కుని, డ్యూటీకి టైమైందని బూట్లు వేసుకున్నాడు. "పోయొస్త బాపు," అన్నాడు. బాపు అలవాటు కొద్దీ ఆగమనబోయి, గభాలున నోరు మూసుకున్నాడు. వాడు గడపలో కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయాడు. బండి చప్పుడు వినిపించనంత దూరం పోయాక, బాపు విస్తరి ముందు తల వంచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.