పంకజాక్షి బండి వెనక దీపం

పూతలపట్టు సర్కిల్ దగ్గర పంకజాక్షి స్కూటర్‌ను పోలీసు ఆపాడు. "బండి మారింది గానీ, కాగితం మారలేదు కదమ్మా!" అన్నాడు.

నిజమే. పోలియోతో చిన్నప్పుడే ఎడమకాలు చచ్చుబడిన ఆమె కోసం, చిత్తూరులో వెల్డింగ్ పని చేసే దావూద్ స్కూటర్ వెనక అటొకటి, ఇటొకటి చక్రాలు బిగించాడు. రవాణా ఆఫీసువాళ్లు చూసి, ఆ మార్పును ఆర్‌సీలో రాస్తేనే రోడ్డెక్కాలి.

పంకజాక్షి చీరలకు ఫాల్ కుడుతుంది. పల్లెల్లో చీరలు తెచ్చుకోవాలన్నా, ఇచ్చి రావాలన్నా మరిది తీరిక కోసం కాచుకోవాలి. "ఆయప్ప నిద్ర లేస్తే నాకు పని, లేదంటే లేదు" అంటుంది. కాగితం రాకపోతే మళ్లీ అదే బతుకు.

తనిఖీ రోజున దావూద్ స్కూటర్‌ను ట్రాలీ ఆటోలో ఎక్కించి చిత్తూరు తీసుకెళ్లాడు. బ్రేకు ఇన్‌స్పెక్టర్ గిరిప్రసాద్ బండి చుట్టూ తిరిగాడు. హారన్ కొట్టించాడు, ఇండికేటర్లు వేయించాడు. ఎడమవైపు అద్దం లేదని, పెట్టించమన్నాడు.

"రెండద్దాలు ఎందుకు సార్? నేను కుడిపక్కే సూస్తాను."

"ఎడమపక్క వచ్చేవాడికి ఆ సంగతి తెలియదు కదమ్మా."

"అక్కా, ఆయన నిన్ను అడగాల. నువ్వు ఆయన్ని కాదు" అని గొణిగాడు దావూద్.

"బ్రేకు పట్టు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనక నిలబడి. ఆమె పట్టింది. "మళ్లీ పట్టు." పట్టింది. "లైటు వెలగడం లేదే!"

దావూద్ పరుగున వెళ్లి, వెనక వేలాడుతున్న నల్ల ఉన్ని కుచ్చును పక్కకు లాగాడు. దాని వెనక దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది.

"దిష్టికి కట్టినాను సార్" అంది పంకజాక్షి. "నాలుగు చక్రాల స్కూటర్ని సూడని కన్ను లేదు మా ఊళ్లో."

"ఎనకొచ్చే లారీవాడి కన్ను పడాలనే కదమ్మా ఈ దీపం! అది పడకపోతేనే నీకు కీడు. ఇట్లా ఉంటే నేను రాయలేను."

దావూద్ కటింగ్ ప్లేరు తీశాడు. "ఆగబ్బా, కట్టింది నేనే, విప్పేది నేనే" అంటూ ఆమె కర్ర ఊతంతో దిగి, ముడి విప్పింది. విప్పాక అక్కడే నిలబడి దీపాన్ని వేలితో తడిమింది.

"ఇది వెలిగేది నేనెప్పుడూ సూడ్లేదు సార్. బండి మీద కూర్చుంటే యాడ కనపడతాది? మీరొకసారి కూర్చోని పట్టండి."

ఇన్‌స్పెక్టర్ దావూద్ వైపు చూశాడు. దావూద్ ఆకాశం వైపు చూశాడు. చివరికి గిరిప్రసాద్ ఎక్కి కూర్చుని బ్రేకు పట్టాడు. ఆమె కర్ర ఊనుకుంటూ వెనక్కి, ఇంకా వెనక్కి గేటు దాకా నడిచింది.

"ఈడికీ కనపడతా ఉండాది సార్! వదిలి మళ్లీ పట్టండి!"

ఆయన మళ్లీ పట్టాడు.

"అయితే అటూ ఇటూ ఉండే ఈ చక్రాలు చీకట్లో ఎవరికి కనపడతాయి సార్?"

దావూద్ నెత్తి కొట్టుకున్నాడు. "పాస్ అయినాక అడగొచ్చు కదక్కా!"

"ఆ మాటే చెప్పబోతున్నా" అన్నాడు ఇన్‌స్పెక్టర్ నవ్వుతూ. "ఎర్ర రిఫ్లెక్టర్లు అంటించి, అద్దం పెట్టుకొని రండి."

రెండూ ఎదురు అంగట్లో దొరికాయి. సాయంత్రానికి ఆయన మళ్లీ చూసి పాస్ చేశాడు, ఆర్‌సీలో మార్పు ఎక్కింది. పంకజాక్షి స్కూటర్ మీదే ఇంటికి బయలుదేరింది. ఎదుట ఏ అడ్డూ లేకపోయినా మాటిమాటికీ బ్రేకు పడుతుంటే, వెనక ట్రాలీ ఆటోలో వస్తున్న దావూద్ తల బయట పెట్టి అరిచాడు:

"కనపడతా ఉండాదక్కా, ఇంక పోనీ!"