అత్తతో మిల్లు షేర్లు కొనిపించింది నేనే

ఉడుమలైపేటలో ఈమధ్య జరిగిన ఒక పెళ్లిలో, భోజనాల బంతిలో కూర్చుని, మా బావ ఆ కథ మళ్లీ చెప్పాడు. మా అక్క భర్త ఆయన. కథలు చెప్పడానికే పెళ్లిళ్లకు వస్తాడు. మా బంధువుల్లో ఈ కథ తెలియనివాళ్లు లేరు. మా మేనత్త ఎక్కువ డివిడెండుకు ఆశపడి, మంచి కంపెనీ షేర్లు అమ్మేసి మిల్లు షేర్లు కొన్నదట. బ్యాంకులో పనిచేసే మేనల్లుడు వద్దు వద్దని మొత్తుకున్నా వినలేదట. తరవాత ఆ మేనల్లుడే దారి చూపించి ఆమెను ఒడ్డున పడేశాడట. ‘మేనల్లుడు’ అనే మాట వచ్చినప్పుడల్లా బావ నా వైపు చెయ్యి చూపిస్తాడు. వడ్డించేవాడు ఆ చెయ్యి చూసి నా ఆకులో ఇంకో గరిటె పాయసం పోస్తాడు. చాలా ఏళ్లుగా ఆ పాయసం తాగుతూనే ఉన్నాను.

అసలు జరిగింది వేరు. అత్తకు ఇప్పుడు ఎనభై దాటింది. పళ్లు పోయినా చెవులు బాగానే ఉన్నాయి. ఆమె వినగలిగి ఉండగానే ఇది చెప్పాలి.

అత్త భర్త, అంటే మా మామ, కోయంబత్తూరులో అవినాశి రోడ్డు పక్కనున్న ఒక నూలుమిల్లులో స్పిన్నింగ్ మాస్టర్. పిల్లలు లేరు. పొల్లాచ్చి దగ్గర కొబ్బరితోపులో ఆయన వాటా అమ్మగా వచ్చిన డబ్బుతో రెండు రకాల షేర్లు కొన్నాడు. సగం డబ్బు తాను పనిచేసే మిల్లులో పెట్టాడు. మిగతా సగం, అప్పుడప్పుడే లేస్తున్న ఒక నీటిపంపుల కంపెనీలో పెట్టాడు. ఆ తరవాత కొన్నేళ్లకే పోయాడు. అత్తకు మిగిలింది పీలమేడులో రెండు గదుల సొంత ఇల్లు, ఆ షేర్లు, ఒక పొయ్యి.

పొయ్యి గురించి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మా ఇల్లు ఆమె ఇంటికి రెండు వీధుల అవతల. మా నాయన ఆమెకు సొంత అన్న. వచ్చి మాతో ఉండమని మా అమ్మ కూడా మనస్ఫూర్తిగానే పిలిచింది. అత్త నవ్వేసేది.

“మీ ఇంట్లో ఎంత చేసినా నేను చుట్టాన్నే వదినా. నా పొయ్యి దగ్గర నేను దొర.”

నిజంగానే దొరలా ఉండేది. తెల్లవారుజామున మిల్లు కూతతో లేచి కాఫీ పెట్టుకునేది. మధ్యాహ్నం రెండింటికి బుద్ధిపుడితే రాగి సంకటి కెలికేది. పుట్టకపోతే మిక్చరు తిని పడుకునేది. ఆ దొరతనానికి ఉన్న ఆధారమంతా ఏడాదికోసారి పోస్టులో వచ్చే రెండు డివిడెండు చెక్కులే.

రెండు కంపెనీల వార్షిక సమావేశాలకూ తప్పకుండా వెళ్లేది. మిల్లువాళ్ల సమావేశమంటే మా వాళ్లకు సగం పెళ్లి. వాటాదారులంతా బంధువులే. నేతి స్వీటు, కారం, మడత విప్పితే మనిషంత పొడుగుండే తువాలు ఇచ్చేవాళ్లు. పంపుల కంపెనీవాళ్లు షెడ్డులోనే బెంచీలు వేసి, ఒక్క బోండా, టీ ఇచ్చేవాళ్లు. ముతక చొక్కా వేసుకున్న కుర్ర యజమానే స్వయంగా పంచేవాడు. ఇంటికొచ్చి అత్త మాకు రెండింటి సంగతీ చెప్పేది.

“బోండా చిన్నదే. కానీ పోయిన ఏడు చట్నీ లేదు, ఈ ఏడు ఉండాది” అనేది గంభీరంగా.

మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం. కంపెనీ పెరుగుతోందని ఆమె చెబుతోందని నాకు అప్పుడు తట్టలేదు. అప్పుడు నాకు ఇరవై అయిదేళ్లు. బీకాం ముగించి, బ్యాంకులో ఉద్యోగం వచ్చి ఏడాదయింది. ఊళ్లో అందరికీ డబ్బు సలహాలు నేనే ఇవ్వాలన్న ఊపులో ఉన్నాను.

ఒక ఆదివారం అత్త రోట్లో పిండి రుబ్బుతుంటే పక్కన చేరి మొదలుపెట్టాను.

“అత్తా, వంద రూపాయలు పెట్టి కొంటే మిల్లు షేరు ఏడాదికి పన్నెండు రూపాయలు ఇస్తాది. అదే వందకు పంపుల షేరు నాలుగే ఇస్తాది. మూడింతలు తేడా. పంపులవి మొత్తం అమ్మేసి మిల్లువి కొనెయ్యి.”

“పంపులోడు పోయిన ఏడు మూడున్నర కదా ఇచ్చినాడు?”

“అవును.”

“దానికి ముందు మూడు.”

“అయితే ఏమి?”

“మిల్లోళ్లు మీ మామ ఉన్నప్పుడూ పన్నెండే, ఇప్పుడూ పన్నెండే. పాలోడు అట్లా ఒకే రేటులో నిలబడినాడా?”

“నాలుగు ఎప్పటికి పన్నెండు అవుతాదత్తా!”

“మా మామగారు తోపులో పొట్టిచెట్లూ పెట్టినాడు, పొడుగుచెట్లూ పెట్టినాడు. పొట్టివి తొందరగా కాస్తాయి. పొడుగువాటికి ఓపిక కావాలి. పొట్టివి అలిసిపోయినాక మా ఇంటికి కాయ వచ్చింది పొడుగువాటి నుంచే. నువ్వు పొడుగువన్నీ నరికెయ్యమంటావు.”

అప్పుడు నేను ఆ మాట అన్నాను. ఇన్నేళ్లూ నన్ను కుట్టింది ఆ మాటే.

“ఇరవై ఏండ్ల తరవాత వచ్చే డబ్బు నీకెందుకత్తా?”

రోలు ఆగింది. అత్త పిండి చేతిని గాలిలోనే ఉంచి నన్ను చూసింది.

“ఏమిరా, నన్ను ఎప్పుడు పంపాలని కణక్కు వేసినావు?”

పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ నేను నిజంగానే లెక్క వేశాను. నా దృష్టిలో ఆమె ముసలిది, పెరిగే డబ్బు ఆమెకు అక్కర్లేదు, చేతికందే డబ్బే కావాలి. అప్పుడు ఆమె వయసు యాభై రెండు. ఇది రాస్తున్న నా వయసు యాభై నాలుగు. ఇప్పుడు నన్నెవరైనా ఆ మాట అంటే నేను నవ్వను.

అత్త పూర్తిగా కాదనలేదు. “నెలకు నాకు కొంచెం తక్కువ పడతాది, అది నిజమే. ఆ తక్కువ పూడ్చేదానికి ఎంత కావాలో అంత అమ్ము. మిగిలింది ముట్టుకోవద్దు” అంది. కూర్చుని లెక్క చూస్తే పంపుల షేర్లలో పావు వంతు అమ్మితే చాలు. నేను ఒప్పుకోలేదు. వారం వారం వెళ్లి పోరాను. చివరకు, మేనల్లుడి నోరు మూయించడానికే, సగానికి సంతకం పెట్టింది. ఆ కాగితాలు పట్టుకుని ఒప్పనక్కార వీధిలో ఉన్న షేర్ల బ్రోకరు దగ్గరికి సైకిలు మీద ఈల వేసుకుంటూ వెళ్లాను.

మొదటి రెండేళ్లూ నా తలకాయ ఆకాశంలో ఉంది. చెక్కు లావుగా వచ్చింది. అత్త కిరసనాయిలు పొయ్యి తీసేసి గ్యాసు పొయ్యి కొనుక్కుంది. దాని మీద పెట్టిన మొదటి కాఫీ నాకే ఇచ్చింది. “అల్లుడు కొనిచ్చిన పొయ్యి” అని వీధంతా చెప్పింది.

మూడో ఏడు నూలు ధర పడిపోయింది. కరెంటు కోత వచ్చింది. మిల్లు కూత కొన్నిరోజులు వినిపించి కొన్నిరోజులు వినిపించక, చివరికి ఆగిపోయింది. సమావేశంలో ఛైర్మన్ లేచి ఈసారి డివిడెండు లేదన్నాడు. అత్త పొట్లం పట్టుకుని ఇంటికొచ్చింది.

“స్వీటు ఉండాది, డివిడెండు లేదు. ఈ స్వీటు అమ్ముకుని బతకమంటాడా ఆ మహానుభావుడు?”

తరవాత తెలిసింది. లాభం తగ్గిన ఏళ్లలో కూడా మిల్లు అప్పు చేసి అదే పన్నెండు పంచిందట. తగ్గిస్తే పెళ్లిళ్లలో తలెత్తుకోలేమని పెద్దల భయం. పన్నెండు మారలేదంటే మిల్లు గట్టిగా ఉందని నేను అనుకున్నాను. వాళ్లు గట్టిగా పట్టుకున్నది పరువును.

పోనీ, అమ్మేసి బయటపడదామా అంటే అదీ కుదరలేదు. మా వాళ్లలో మన మిల్లు షేరు అమ్మడమంటే చుట్టరికం తెంచుకోవడమే. ఎవరు అమ్మినా బదిలీ కాగితం నేరుగా ఛైర్మన్ బల్ల మీదికే వెళ్తుంది. తరవాతి పెళ్లిలో ఆయన భార్య పక్కన కూర్చుని, “ఏమమ్మా, మేమేమన్నా చెడిపోయినామా?” అని అడుగుతుంది. కాబట్టి అందరూ తువాలు భుజాన వేసుకుని కూర్చుని చూశారు. కొనడం ఎంత సులువో అత్తకు చెప్పిన నేను, అమ్మడం ఎంత కష్టమో ఆలోచించనే లేదు.

అత్త ముందుగదిని బట్టలు కుట్టే ఒకావిడకు అద్దెకిచ్చి, తన మంచం వంటగదిలోకి జరుపుకుంది. సంగతి తెలిసి మా నాయన మండిపడ్డాడు. ఆ రోజు అత్త మా ఇంట్లోనే భోంచేస్తోంది.

“నువ్వు వంటింట్లో పడుకునేదేంది? ఇంక మనింటికి వచ్చెయ్యి. అసలు ఆ షేర్లు కొనమని నీకు ఎవడు చెప్పినాడు?”

నేను ఎదురుగా పెరుగన్నం తింటున్నాను. వచ్చే వారం అవినాశి నుంచి నాకు పిల్లనిచ్చేవాళ్లు రావాల్సి ఉంది. ‘అబ్బాయి డబ్బు లెక్కల్లో పులి’ అని మధ్యవర్తి వాళ్లకు చెప్పి ఉన్నాడు. అత్త ఒక్క క్షణం నన్ను చూసింది.

“ఎవరో చెప్పేదేమిటన్నా? నాకే ఆశ పుట్టింది. వాడు పాపం వద్దనే చెప్పినాడు.”

నోట్లో ముద్ద మింగి నిజం చెప్పొచ్చు. మింగాను. మింగి, అత్త పక్కనున్న ఊరగాయ అడిగాను.

“ఇంక కొన్నాళ్లు చూస్తానన్నా. నా పొయ్యి ఆరిపోతే నేనే వస్తాను” అంది అత్త. పొయ్యి ఆరలేదు. నేను అమ్మకుండా మిగిలిన ఆ సగం పంపుల షేర్లే దాన్ని కాచాయి. నాలుగు అయిదయింది, ఆరయింది. మధ్యలో బోనస్ షేర్లు వచ్చాయి. తోటలన్నిటికీ మోటార్లు వచ్చిన కాలం అది. షెడ్డు ఫ్యాక్టరీ అయింది. సమావేశంలో బోండా పోయి ఇడ్లీ, పొంగలి వచ్చాయి. కొన్నేళ్లకు పంపుల చెక్కు ఒక్కటే ఒకప్పటి రెండు చెక్కులను దాటింది. కుట్టుపని ఆవిడ బజారులో సొంత కొట్టు పెట్టుకుని వెళ్లింది. అత్త మంచం ముందుగదికి తిరిగి వచ్చింది. మిల్లు మళ్లీ తెరుచుకుని ఏదో కొద్దిగా ఇవ్వసాగింది. అత్త దాన్నీ పారేయలేదు. “ఆ పొయ్యి కొనిచ్చింది అదే కదరా” అనేది.

ఆమె చెక్కులు బ్యాంకులో వేసేవాణ్ని నేనే కాబట్టి దారి చూపించిన పేరు నాకు దక్కింది. బావ దానికి మెరుగులు పెట్టాడు. నేను కాదనలేదు.

ఉడుమలైపేట బంతిలో పాయసం గరిటె దగ్గరికొస్తుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

“బావా, ఆపు. కొనమన్నది నేను. అత్త వద్దన్నది.”

బావ నన్ను ఎగాదిగా చూశాడు. “కథ చెడగొట్టొద్దురా. పెళ్లింట్లో నీకేం పొయ్యే కాలం?”

“నిజం బావా.”

పక్కన నా భార్య తినడం ఆపింది. “అట్లయితే మా నాయన ఏ పులిని చూసి నన్ను ఇచ్చినాడు?”

బంతి అంతా గొల్లుమంది. ఎదుటి వరసలో కూర్చున్న అత్త మాత్రం నవ్వలేదు. వడ్డించేవాణ్ని పిలిచి నా వైపు చూపించింది.

“వానికి ఊరగాయ వెయ్యి నాయనా. ఆ దినం అడిగినాడు, నేను వెయ్యలేదు.”

తరవాతి ఆదివారం ఆమె ఇంటికి వెళ్లాను. క్షమాపణ చెప్పాలని వెళ్లి, మాట కుదరక, నా సంగతి చెప్పాను. వచ్చే ఏడు బ్యాంకు ఉద్యోగం ముందుగానే వదిలేస్తున్నాను. చేతికొచ్చే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఇప్పుడే ఎక్కువ ఇచ్చేవి కొనాలా, మెల్లగా పెరిగేవి కొనాలా?

అత్త కాఫీ పెడుతోంది. ఆ పాత గ్యాసు పొయ్యి మీదే. ఒక బర్నరు సరిగా వెలగదు, మార్చనివ్వదు.

“నెలకు నీకు ఎంత తక్కువ పడతాది?” అంది.

నాకు తెలియలేదు. బ్యాంకులో అంతకాలం పనిచేశాను, మా ఇంటికి నెలకు ఎంత కావాలో నాకు తెలియదు.

“అది నా భార్యకు తెలుసు.”

“అట్లయితే రేపు దాన్ని పిలుచుకుని రా. అంతవరకు ఏ షేరూ ముట్టుకోవద్దు.” గ్లాసు నా ముందు పెట్టింది. “ముట్టుకునేటప్పుడు ఇంకా ముప్పై ఏండ్లు ఉంటావని కణక్కు వెయ్యి. నేనూ ఉంటాను, చూసుకుంటాను.”