నేల ఉసిరి మోసుకుని పంజాగుట్టకు

విజయకు కామెర్లని తెలిసిన రోజే టికెట్ తీసుకున్నాను. టీబీ మాత్రలు పడక కాలేయం దెబ్బతిందట, పంజాగుట్టలో ఆసుపత్రిలో చేర్చారు. ఎం.ఫార్మసీలో మేమిద్దరం అమీర్‌పేట హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. ప్రాజెక్టు కూడా కలిసే చేశాం. నేల ఉసిరి సారం ఎలుకల కాలేయాన్ని విషం నుంచి కాపాడుతుందా అన్నది మా పని. అందుకే రాజమండ్రిలో మా పెరట్లో దొరికిన నేల ఉసిరంతా వేళ్లతో సహా పీకి, తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

సాయంత్రం రైలెక్కాను. ఎదుటి సీటావిడ సంచిలోకి తొంగిచూసి, "కామెర్లకా అండీ? పరగడుపున మజ్జిగలో ఇవ్వండి. నూనె, పసుపు దగ్గరికి రానివ్వకండి" అంది. నేను ఫార్మసీ పాఠాలు చెప్పేదాన్నని ఆవిడకేం తెలుసు! బుద్ధిగా తలూపాను.

తెల్లవారాక బేగంపేటలో దిగాను. అక్కణ్నుంచి మెట్రోలో అమీర్‌పేట ఒక్క స్టేషనే. పంజాగుట్టకు అక్కడ రైలు మారాలి. కొత్తవాళ్లు గోడవారగా నిలబడి బోర్డులు చదువుకోండి, మధ్యలో ఆగితే జనం తోసుకుపోతారు. ఆసుపత్రిలో పదింటిదాకా లోపలికి వదలరు కాబట్టి బయటికొచ్చి, బండి మీద ఇడ్లీ తిని, మా పాత సందుకు నడిచాను.

హాస్టల్ మేడ నిండా ఇప్పుడు కోచింగ్ బోర్డులే. ఆ డాబా మీదే, నీళ్ల ట్యాంకు నీడలో, పాత చీర పరిచి నేల ఉసిరి ఆరబెట్టేవాళ్లం. చినుకు పడితే చాలు, విజయ మెస్‌లో కంచం వదిలేసి పైకి పరిగెత్తేది. ఆ పరుగు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. కరపత్రాలు పంచే కుర్రాడు దగ్గరికొచ్చి, "జావా నేర్చుకుంటరా మేడం? డెమో ఫ్రీ" అన్నాడు. ఆ ఏడుపులోనే నవ్వూ వచ్చింది.

పదింటికి వార్డుకు వెళ్లాను. విజయ చిక్కిపోయింది, కళ్లు పచ్చగా ఉన్నాయి. వాళ్లాయన శ్రీనివాస్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఆకుపసర్లు వద్దన్నడు డాక్టర్. ఆయనకు చెప్పకుండ జర పోసెయ్ అక్కా."

నాకూ పోయాలనే ఉంది. వెళ్లి సంచి విప్పి విజయకు చూపించాను. నీరసంగా నవ్వింది.

"గప్పుడు ఎలుకలకు మందు ముందుగాల ఇచ్చినం, విషం తర్వాత. నాకు ఉల్టా అయిందే. ఇప్పుడు టీబీ గోలీలు ఆపి చూస్తున్నరు. గిది సుత తాగితే, రేపు ఇంకేమన్న అయితే దేని వల్ల అయిందో డాక్టర్‌కు ఎట్ల తెలుస్తది?"

ప్రయోగంలో ఒకేసారి రెండు మార్చకూడదని ఏటా పిల్లలకు చెప్పేది నేనే. భయమేస్తే చదువెక్కడికి పోతుందో! సంచి మూతి కట్టేసి, ఆసుపత్రి వెనక సందులో తీసుకున్న లాడ్జి గదికి పట్టుకుపోయాను.

నాలుగైదు రోజులున్నాను. పొద్దున రక్తం తీసుకెళ్తే సాయంత్రం రిపోర్టు వచ్చేదాకా ముగ్గురికీ ముద్ద దిగేది కాదు. సెలవులైపోయి నేను బయల్దేరేవరకూ కామెర్ల అంకె కిందికి దిగలేదు. అమీర్‌పేటను ఇంకెప్పటికీ చూడలేనేమోనన్న దిగులుతో తిరుగు రైలెక్కాను. నాకు అమీర్‌పేటంటే విజయే.

కాజీపేట దాటాక శ్రీనివాస్ ఫోన్ చేశాడు.

"తగ్గుతున్నదంట అక్కా! నువ్వు పోసినట్టున్నవ్."

"ఒట్టు, పోయలేదండీ. మాత్రలు ఆపినందుకే తగ్గుతోంది."

"గట్లనే అంటవులే. ఇచ్చినోళ్లు ఇచ్చిన్నని చెప్తే కామెర్ల మందు పనిచెయ్యదంట కద. మా అమ్మ చెప్పింది."

ఎంత చెప్పినా నమ్మలేదు. ఇంతలో విజయ ఫోన్ లాక్కుంది.

"ఆయన మాటలు ఇడిసిపెట్టు. వచ్చే నెల మళ్ల రావే" అంది. "గీసారి ఒట్టి చేతులతోటి రా. ఊకె కూసొని ముచ్చట పెడదాం."