నేల మీద పెట్టిన ముద్ద

దయ్యాల కబుర్లు మొదలైతే నేను కుర్చీ లోంచి లేచి వెళ్ళిపోయే రకం. పోర్టులో ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మాది క్రైస్తవ కుటుంబం. వన్ టౌన్‌లో మా చర్చికి సంఘ పెద్దల్లో నేనొకణ్ణి. చచ్చిపోయినవాళ్ళు తిరిగొస్తారని మా ఇంట్లో ఎవరూ ఏనాడూ అనుకోలేదు.

చదువుకునే రోజుల నుంచీ డైరీ రాస్తున్నాను. ఎండ, వాన, రేవుకొచ్చిన ఓడ, ఇంట్లో వండిన కూర, అందులో ఉండేవి ఇవే. ఇప్పుడు చెప్పేది కూడా జరిగిన సాయంత్రమే రాసుకున్నాను. ఆ పేజీలో అక్షరాలు నావిలా లేవు.

మా ఇంటి వెనక గదిలో ఒక అన్నా చెల్లెలూ అద్దెకుండేవారు. అరకు అవతల కొండల్లో గదబ గిరిజనుల ఊరు వాళ్ళది. అన్న సోమ్రు సోమవారం పుట్టాడు, చెల్లెలు గురుబారి గురువారం పుట్టింది. వాళ్ళలో చాలామందికి పేర్లు అలాగే పెడతారట. గురుబారి పూర్ణా మార్కెట్‌లో కూరగాయల కొట్టు దగ్గర పని చేసేది. సోమ్రు ఆటోనగర్‌లో ఒక ఇనప తుక్కు యార్డులో పాత సామాను విడగొట్టేవాడు. వెడల్పాటి ఛాతీ, తక్కువ మాట.

ఆదివారం మేము చర్చి నుంచి వచ్చాక వాళ్ళిద్దరూ మాతోనే తినేవారు. మా ఆవిడకి అలా అలవాటైపోయింది. సోమ్రు కంచంలో చెయ్యి పెట్టగానే మొదటి ముద్ద తీసి కంచం పక్కన నేల మీద పెట్టేవాడు. అది పోయిన పెద్దలకి. వాళ్ళు తిన్నారనిపించినంతసేపు ఆగి, అప్పుడు తాను తినేవాడు.

మా ఆవిడ ఊరుకునే మనిషి కాదు. "ఏరా సోమ్రూ, మీ తాతలు తినేసి పోతే ఈ నేల ఎవరు తుడుస్తారురా?" అనేది.

"సీమలు తుడిసేత్తాయి అమ్మా. సీమలేటి, ఆళ్ళే మా తాతలు."

"అయితే మీ తాతలు నిన్న నా పంచదార డబ్బాలో దూరారు. కాస్త చెప్పుకో."

గురుబారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. కొన్నాళ్ళకి మా ఆవిడే సోమ్రు కంచం పక్కన చిన్న ఆకు ముక్క వెయ్యడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం సోమ్రు సరిగ్గా తినలేదు. ఎంత అడిగినా చెప్పలేదు. గురుబారే చెప్పింది. యార్డులో మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు వాడు నేల మీద పెట్టిన ముద్దని మేస్త్రీ అప్పన్న బూటుతో తన్నాడట. కుక్కలకి మేపుతున్నావా అని నలుగురిలో నవ్వాడట. సోమ్రు లేచి చొక్కా పట్టుకున్నాడు. మిగతావాళ్ళు విడదీశారు.

"ఇంక ఆ యార్డుకి ఎల్లకు అన్నా," అంది గురుబారి.

"ఎల్తాను. ముద్ద పెడతాను," అన్నాడు సోమ్రు. అంతే.

ఆ వారంలోనే సోమ్రు చచ్చిపోయాడు. తుక్కు గుట్ట మీంచి కాలు జారి, కింద పైకి లేచి ఉన్న ఇనప చువ్వల మీద పడ్డాడని చెప్పారు. పెద్దాసుపత్రి మార్చురీలో గుర్తుపట్టడానికి గురుబారితో నేనే వెళ్ళాను. చువ్వ ఎడమ డొక్కలో దిగి, వీపు మీద భుజం ఎముక పక్క నుంచి బయటికొచ్చింది. ఛాతీ మధ్యలో గుండ్రంగా కమిలిన మచ్చ ఉంది. అదేమిటని అడిగితే, పడేటప్పుడు ఏదో తగిలి ఉంటుందన్నారు. ప్రమాదమని రాశారు.

"మా అన్నకి కాలు జారదు బాబూ. మేం నడక నేరిసిందే రాళ్ళ మీద," అంది గురుబారి. అప్పుడు యార్డులో సోమ్రు దగ్గరున్నది మేస్త్రీ ఒక్కడే. ఇంకెవరూ ఏమీ చూడలేదన్నారు.

శవాన్ని కొండకి తీసుకెళ్ళి దహనం చేశారు. దానితో అయిపోలేదని గురుబారి నాకు చెప్పింది. పోయినవాడికి ఊళ్ళో రాయి నిలబెట్టాలి. అప్పటిదాకా వాడు ఇంటివాడూ కాదు, పెద్దల్లోవాడూ కాదు, మధ్యలో తిరుగుతుంటాడు. రాయి నిలబెట్టే పండక్కి ఒక దున్నపోతు కావాలి. దానికి పసుపు పూసి, కొత్త గుడ్డ కప్పి, పోయినవాడి పేరు పెట్టి పిలుస్తారు. ఆ క్షణం నుంచి అది దున్న కాదు, ఆ మనిషే. వాడితో కలిసి తిన్నవాళ్ళందరూ ఒక్కొక్క ముద్ద తమ చేత్తో తినిపించి సాగనంపాలి. ఒక్కరు మిగిలినా వాడు ఇక్కడే ఆగిపోతాడు. ఆమె భయమంతా అదే. అన్న ఆ యార్డులోనే, ఆ ఇనప గుట్ట దగ్గరే ఉండిపోతాడేమోనని.

అందుకే దున్నని ఊళ్ళో కొనలేదు. గాజువాక వైపు పశువుల్ని పెంచే ఒకాయన దగ్గర కొంది. అన్న పోయినచోటి నుంచే పిలుచుకెళ్ళాలని, చిన్న ట్రక్కులో దాన్ని ఆటోనగర్ యార్డుకి తెచ్చింది. ఒక్కదాన్నే పంపలేక నేనూ వెళ్ళాను. మా ఆవిడ స్టీలు గిన్నెలో అన్నం పెట్టిచ్చింది. నేను పట్టుకెళ్ళాను గానీ పెట్టే ఉద్దేశం లేదు. చచ్చినవాళ్ళకి అన్నం పెట్టడం మా విశ్వాసంలో లేదు.

పొద్దున్న పది దాటింది. ఎండ బాగా ఉంది. ఇది కూడా రాస్తున్నాను, చీకట్లో భ్రమపడ్డాననుకోకుండా.

ఆ దున్న చాలా నెమ్మదైనది. పక్క షెడ్డులో ఇనుము కోస్తున్న చప్పుడుకి కూడా బెదరలేదు. గురుబారి దానికి పసుపు పూసి, కొత్త గుడ్డ కప్పి, సోమ్రూ అని పిలిచింది. పనివాళ్ళు వరసగా వచ్చి ఆమె తెచ్చిన గిన్నెలోంచి ఒక్కొక్క ముద్ద పెట్టారు. కొందరు నవ్వుకుంటూ, కొందరు కళ్ళు తుడుచుకుంటూ. "తినేసెళ్ళు బావ," అన్నాడొకడు. "మాకోసం అక్కడ కల్లు దాసుంచు." అందరి చేతుల్లోంచీ అది శుభ్రంగా తింది. ఒక్క మెతుకు కింద పడలేదు. దగ్గరే నిలబడి చూశాను.

మేస్త్రీ అప్పన్న ఆఫీసు గది గుమ్మంలో నిలబడి బీడీ కాలుస్తున్నాడు. గురుబారి అతని వైపు తిరిగి, అందరికీ వినబడేలా పిలిచింది.

"మేస్త్రీ బాబూ, నువ్వూ ఆడితో తిన్నావు కదా. ఒచ్చి పెట్టు."

పనివాళ్ళంతా అతని వైపు చూశారు. అతనికి రాక తప్పలేదు.

"ఏటొలే, మీ అన్నకి నాను ముద్ద పెట్టాలా? పెడతానులే. బతికున్నప్పుడు నేల పాల్జేసీవోడు, ఇప్పుడైనా సరిగ్గా తింటాడేటో సూద్దాం," అంటూ వచ్చాడు. గురుబారి గిన్నెలోంచి ముద్ద తీసుకుని దున్న మూతి దగ్గర పెట్టాడు.

దున్న ఆ ముద్దని నోటితో అందుకుంది. తల వంచి నేల మీద వదిలింది. కదలకుండా నిలబడింది.

పనివాళ్ళలో నవ్వులు ఆగిపోయాయి. మేస్త్రీకి అది అవమానంగా తోచిందో, అలవాటుగా చేశాడో నాకు తెలియదు. "తినరా," అని ఆ ముద్దని బూటుతో దాని మూతి వైపు తోశాడు.

దున్న అరవలేదు, బుస కొట్టలేదు. ఒక్కసారి ముందుకొచ్చింది. కొమ్ము అతని తొడలో దిగిన చప్పుడు విన్నాను. ఎత్తి పడేసింది. లేవబోతుంటే నుదురుతో ఛాతీ మీద కొట్టింది. మధ్యలో మేముండగా మా ఎవరి వంకా చూడలేదు. ట్రక్కు పక్క నుంచి, గ్యాస్ సిలిండర్ల పక్క నుంచి, అతన్ని నేల మీద ఈడ్చుకుంటూ, దొర్లించుకుంటూ, యార్డు వెనక సోమ్రు పోయిన ఆ గుట్ట వరకూ తీసుకెళ్ళింది. ఆ జంతువు యార్డులోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. అక్కడ అతన్ని మళ్ళీ కొమ్ముల మీద ఎత్తింది.

"సోమ్రూ, సాలురా! ఒగ్గేరా!" అని అరిచాడు మేస్త్రీ. అది నేను విన్నాను. యార్డంతా విన్నది.

విసిరేసింది. చువ్వల మీద పడ్డాడు.

పనివాళ్ళు అతన్ని పైకి లాగి ఆటోలో వేస్తుంటే నేను చొక్కా ఎత్తి గుడ్డ కట్టబోయాను. ఎడమ డొక్క. భుజం ఎముక పక్క. మార్చురీలో చూసిన గాయాన్నే మళ్ళీ చూస్తున్నట్టుంది. నా చేతులు మోచేతుల దాకా నెత్తురు. ఆసుపత్రికి చేరేలోపే అతను పోయాడని తరవాత తెలిసింది.

ఆటో వెళ్ళగానే యార్డులోనే పనిచేసే మేస్త్రీ బంధువులు ఇద్దరు ముగ్గురు ఇనప పైపులు తీసుకుని దున్న మీద పడ్డారు. వీపు మీద, మోకాళ్ళ మీద, మొహం మీద కొట్టారు. ఒక కొమ్ము విరిగి వేలాడింది. కంటి కింద చీలి నెత్తురు కారింది. అంత కొడుతున్నా అది తిరగబడలేదు. దెబ్బదెబ్బకీ ఒళ్ళు అదిరేదంతే. గురుబారి దాని మెడ మీద పడి కావలించుకుంది. ఒక దెబ్బ ఆమె చేతికి తగిలింది. ఎముక విరిగింది. అప్పుడు మిగతా పనివాళ్ళు అడ్డం వెళ్ళి పైపులు లాక్కున్నారు.

"మావోళ్ళని తీసుకొత్తాం. ఇక్కడే కోసి పారేత్తాం," అని ఆ బంధువులు బయటికి పరిగెత్తారు.

ట్రక్కు చెక్క దింపారు. తాడు పట్టి లాగారు, వెనక నుంచి తోశారు. దున్న అడుగు వెయ్యలేదు. డ్రైవరు, "ఓలమ్మో, ఆళ్ళు ఒచ్చేత్తారు, నాను పోతాను," అని కంగారు పడుతున్నాడు. అది అక్కడే చస్తే గురుబారి అన్న ఆ యార్డులోనే ఉండిపోయినట్టు. విరిగిన చెయ్యి గుండెలకి ఆనించుకుని ఆమె నా వైపు చూసింది.

"ఇక్కడున్నోళ్ళలో మీరొక్కరే పెట్టనేదు బాబూ. ఆదోరం ఆదోరం మీ ఇంట్లోనే కదా తిన్నాడు."

నేను ప్రార్థన చేసుకుందామనుకున్నాను. దానికి బదులు గిన్నె మూత తీశాను. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేవు. చొక్కాకి తుడుచుకుని ముద్ద కలిపాను. దాని ముందుకెళ్ళి చెయ్యి చాపాను. ఒక కన్ను నెత్తురుతో మూసుకుపోయింది, రెండోది నన్ను చూస్తోంది.

అది ముద్దని అందుకుంది. తల వంచి నా బూటు పక్కనే నేల మీద పెట్టింది.

నేను నా పాదం వెనక్కి తీసుకున్నాను.

ఎంతసేపు అలా నిలబడ్డామో తెలియదు. సోమ్రు మా ఇంట్లో ముద్ద పెట్టి ఆగినంతసేపు ఉండొచ్చు. తరవాత అది తల ఎత్తి నా చేతి వైపు చూసింది. రెండో ముద్ద పెట్టాను. తింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. ఆ తరవాత ఎవరూ తాడు లాగకుండానే కుంటుకుంటూ వెళ్ళి ట్రక్కు ఎక్కింది.

రాయి నిలబెట్టినరోజు కొండ మీద ఊరికి నేనూ మా ఆవిడా వెళ్ళాం. గురుబారి కట్టు కట్టిన చేత్తోనే దాని గాయాలు కడిగింది. ఆడవాళ్ళు దాని మెడ పట్టుకుని పేరు పెట్టి ఏడ్చారు. ఆ తరవాత వాళ్ళ ఆచారం ప్రకారం దాన్ని పక్క ఊరి బంధువులకి అప్పగించారు. వాళ్ళు గొడ్డళ్ళతో వచ్చారు. ఆ చావు తేలిగ్గా జరగలేదు. నేల తడిసిపోయింది. చూడకుండా ఉండలేకపోయాను. అంతా అయ్యాక, నిలబెట్టిన రాతికి వీపు ఆనించి గురుబారి చాలాసేపు కూర్చుంది. అన్న పోయాక ఆమె మొహం అంత తేటగా ఉండడం అదే మొదలు.

పోలీసులు మా ఇంటికొచ్చి అడిగారు. చూసింది చూసినట్టు చెప్పాను. మార్చురీలో చూసిన మచ్చ సంగతీ, మేస్త్రీ అరిచిన మాటా రాసుకున్నారు. అన్నం ముద్ద దగ్గరికొచ్చేసరికి రాసుకుంటున్నాయన పెన్ను ఆపాడు. "దున్నపోతు కదండీ, తోశాడు, బెదిరింది. గుట్ట అదే, చువ్వలు అవే, గాయం అలాగే ఉంటుంది," అన్నాడు. సోమ్రుని ఎవరైనా తోశారో లేదో ఇప్పటికీ తేలలేదు. చెప్పాల్సినవాడు లేడు.

ఆయన చెప్పింది సబబుగానే ఉంది. నేనూ నాకు అలాగే చెప్పుకుంటాను. నెత్తురు వాసనకి నా ముద్ద వదిలేసిందనుకుంటాను. మరి రెండో ముద్దకీ అదే నెత్తురు అంటింది కదా అని మా ఆవిడ అంటుంది.

ఇప్పటికీ నేను దయ్యాల్ని నమ్మను. సంఘంలో అడిగినా ఇదే చెప్తాను. కానీ ఆ ముద్ద నా బూటు పక్కన పడినప్పుడు నేను ఆలోచించలేదు, ప్రార్థించలేదు. నా పాదం దానంతట అదే వెనక్కొచ్చింది. అక్కడ ఎవరో తింటున్నట్టే వచ్చింది.