తెల్లబండ కింది సొరకాయబుర్ర

వచ్చే శనివారం నల్లమల లోయలోకి పొద్దున్నే దిగి చీకటిలోగా ఎక్కి రావాలని గిద్దలూరు మిషన్ బడి పంతుళ్లం ముగ్గురం అనుకున్నాం. బడి నడిపే దొరగారు సెలవు కూడా ఇచ్చారు. దారి నిటారుగా ఉంటుంది, వేసవిలో చుక్క నీరు దొరకదు. నిరుడు నేనొక్కణ్ణే బయల్దేరి, సగం దాకా దిగి, ఎండకు తాళలేక వెనక్కి వచ్చేశాను. అందుకే ఈ రోజు సాయంత్రం మేకలు కాసే కాశన్న దగ్గరికి వెళ్లి సలహా అడిగాను.

"దిగేదానికేముంది అయ్యవారూ, ఎక్కేటప్పుడే పానం పోతాది," అన్నాడు. కాపరులు సొరకాయబుర్రలో నీళ్లు మోసుకెళ్లి, దిగేటప్పుడే సగం దారిలో తెల్లబండ కింద దాచిపెడతారట. తిరిగి ఎక్కేటప్పుడు ఆ నీళ్లే దిక్కట.

"ఎవరైనా తెలియక తాగేస్తే?" అని అడిగాను.

"నిరుడు ఎవురో తాగినారు. అది మా నాయన బుర్ర. బండ కాడికి ఎక్కొచ్చి ఆడనే పడిపోయినాడు. మేం పొయ్యేతలికి ఉత్త బుర్ర ఒళ్లో పెట్టుకోని చచ్చిపోయుండాడు."

నిరుడు ఆ బండ నీడలో కూర్చున్నప్పుడు నాకు ఒక బుర్ర దొరికింది. దేవుడే పెట్టించాడనుకుని, ప్రార్థన చేసి, చివరి చుక్క దాకా తాగాను. ఎవరిదో వస్తువు కదా అని, ఖాళీ బుర్రను మాత్రం జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టి వచ్చాను.

ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నేను లేస్తుంటే కాశన్నే అన్నాడు: "శనివారం నేనూ వస్తాలే అయ్యవారూ. మీ బుర్ర నేనే నింపి దాస్తా."

ఆ నీళ్లు నేనెలా తాగాలో మీరే చెప్పండి.